మింగేటప్పుడు పాప నాలుక పళ్ల మధ్యకి వస్తోంది, క్లిప్పులు వేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. దవడ పళ్లు కరిచినా ముందు పళ్లు కలవవు. ఆ సందులోంచి నాలుక కొన కనిపిస్తుంది. డాక్టర్ గారు "ముందు మింగే అలవాటు చూద్దాం, క్లిప్పులు తర్వాత" అన్నారు. మింగడానికీ పళ్ల వరసకీ సంబంధమేంటి? ఆలస్యమైపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆయన సరైన చోటే మొదలుపెట్టారండి. మేం ఇదేమీ చూడకుండా బాబుకి క్లిప్పులు వేయించాం. పళ్లు చక్కగా కలిశాయి. తీశాక కొన్ని నెలలకే మళ్లీ సందు వచ్చింది.

చంటిపిల్లలందరూ నాలుకని చిగుళ్ల మధ్యకి తెచ్చే పాలు మింగుతారు. దవడ పళ్లు వచ్చాక అది నెమ్మదిగా మారుతుంది. పళ్లు కలుస్తాయి, నాలుక కొన పై పళ్ల వెనక అంగిలికి ఆనుతుంది, పెదాలు బిగుసుకోవు. ఆరేడేళ్లప్పుడు ముందు పాలపళ్లు ఊడిన ఖాళీలోకి నాలుక రావడం మామూలే. కొత్త పళ్లు వచ్చాక కూడా వస్తుంటే మాత్రం చూపించాలి.

నాకు ఆలస్యంగా తెలిసిన సంగతొకటి. మింగడానికి పట్టేది సుమారు ఒక సెకను. రోజంతా కలిపినా కొన్ని నిమిషాలే. మిగతా గంటలన్నీ నాలుక ఎక్కడ ఉంటోందన్నదే ఎక్కువ ముఖ్యం. తక్కువ ఒత్తిడైనా గంటల తరబడి ఉంటే పళ్లు జరుగుతాయి. అందుకే పాప బొమ్మలు వేసుకుంటున్నప్పుడు తనకి తెలియకుండా చూడండి. నోరు తెరిచి ఉందా? నాలుక కింది పళ్ల మీద వాలి ఉందా? నీళ్లు మింగేటప్పుడు గడ్డం మీద చర్మం గుంటలు పడుతోందా? మా వాడికి అలాగే పడేది, నేను ముద్దుగా ఉందనుకునేదాన్ని.

నోటితో గాలి పీలుస్తుంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే కణజాలం) వాచి ముక్కు ఆడకపోతే "నోరు మూసుకో" అని కసిరి ఏం లాభం? వేలు చీకే అలవాటు ఉన్నా చెప్పండి. ఒక్కోసారి సందు చేసేది వేలు, దాన్ని మూయడానికి వచ్చేది నాలుక.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశానండీ, నోరు తెరిచే ఉంది. రాత్రిళ్లు గురక కూడా. నాలుక వ్యాయామాలు చేయిస్తే క్లిప్పులు తప్పుతాయా?

జవాబు: గురక ఉందంటే ఈఎన్‌టీ సంగతి వాయిదా వేయకండి. వ్యాయామాలతోనే సందు పూర్తిగా మూసుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. దవడ ఎదిగే తీరు వల్ల కూడా సందు వస్తుంది, అది డాక్టరే తేల్చాలి. పై పళ్ల వెనక గీతలుగా తగిలే చోట నాలుక కొన ఆనించి, పళ్లు కలిపి, అద్దంలో చూస్తూ గుక్కెడు నీళ్లు మింగడం మా వాడికి నేర్పారు. అంగిలి వైపు తీగ అమర్చాల్సి వస్తే అది శిక్ష కాదనీ, నాలుకకి గుర్తు చేసేదనీ పాపకి ముందే చెప్పండి. క్లిప్పులు తీశాక రిటైనర్ (పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచేది) ఎన్నాళ్లు పెట్టుకోవాలో ఇప్పుడే అడిగి రాసుకోండి.