పాత ఎంఎం 540 జీపుకు ఏ రేడియేటర్, ఏ ఫ్యాన్ సరిపోతాయి?

ప్రశ్న: చింతామణి దారి

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఉంటాను. నా దగ్గర ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ ఉన్న పాత మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. హొసకోటె, చింతామణి మీదుగా మదనపల్లె దాకా తారు రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంటుంది. కానీ మా ఊరి గుట్ట మీదికి పోయే బండిబాటలో, లో రేంజి (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరుస) మొదటి గేరులో ఎక్కడం మొదలుపెట్టిన కొద్దిసేపటికే ముల్లు ఎర్ర గీత వైపు జరుగుతుంది. బండి ఆపి ఇంజన్‌ను కొంచెం రేజ్ చేసి ఉంచితే మెల్లగా దిగుతుంది.

జేసీ రోడ్డులో ఒక దుకాణంవారు అల్యూమినియం రేడియేటర్, రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టుకోమన్నారు. మా మెకానిక్ మాత్రం ఉన్న రాగి రేడియేటర్‌నే విప్పించి శుభ్రం చేయిస్తే చాలంటున్నారు. నేను కొనేటప్పటికే ఫ్యాన్ చుట్టూ ఉండవలసిన ష్రౌడ్ (రేకు తొడుగు) లేదు. రేడియేటర్ మూత తీసి చూస్తే లోపలి అంచున తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంది; బహుశా పాత యజమాని బోరు నీళ్లే పోసేవారేమో. ఏసీ లేదు. వానాకాలంలో వాగులు దాటవలసి వస్తుంది. డబ్బు ఒక్కసారే ఖర్చుపెట్టాలని ఉంది కనుక అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు: పాత ఇనుము

మీరు చెప్పిన లక్షణాలలోనే సగం సమాధానం ఉంది. తారు రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కే బండికి సాధారణంగా రేడియేటర్ పూడుకుపోయి ఉండడమో, నీటి ప్రవాహం తగ్గడమో కారణమవుతుంది. నెమ్మదిగా, బరువు మీద ఎక్కుతున్నప్పుడు మాత్రమే వేడెక్కే బండికి మొదట అనుమానించవలసింది గాలిని. రోడ్డు మీద బండి వేగమే గాలిని రేడియేటర్‌లోకి తోస్తుంది. గుట్ట మీద ఆ పని మొత్తం ఫ్యాన్ మీదే పడుతుంది. మీ ఫ్యాన్ ఇంజన్ బెల్టుతో తిరిగేది కనుక, ఇంజన్ నిమిషానికి 1000 చుట్ల దగ్గర తిరుగుతున్నప్పుడు అది లాగే గాలి 3000 చుట్ల దగ్గర లాగేదానిలో మూడో వంతే ఉంటుంది. ఆపి రేజ్ చేస్తే ముల్లు దిగడానికి కారణం ఇదే. పైగా మీ 2112 సీసీ ఇంజన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లో కాక పక్కనున్న చిన్న గదిలో మండడం మొదలవుతుంది కాబట్టి, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ల కంటే ఇది నీటికి ఎక్కువ వేడిని వదులుతుంది.

అందుకని ఏదైనా కొనేముందు ష్రౌడ్ చేయించండి. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ గుండా కాకుండా పక్కల నుంచీ, వెనుక నుంచీ దొరికిన గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉంటుంది. రేకు పని తెలిసిన వారెవరైనా చేయగలరు. ఫ్యాన్ రెక్కల వెడల్పులో సుమారు సగం ష్రౌడ్ అంచు లోపల, సగం బయట ఉండాలి. రెక్కల చివరలకూ అంచుకూ మధ్య చుట్టూ 20 మిల్లీమీటర్ల వరకు సందు వదలాలి. రేడియేటర్ బండికి బిగించి ఉంటుంది, ఇంజన్ మాత్రం రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. రాళ్ల మీద ఛాసిస్ మెలి తిరిగినప్పుడు సందు చాలకపోతే రెక్కలు రేకును కోస్తాయి.

జవాబు: టంకం పని

పై మాటతో ఏకీభవిస్తూనే, ఆ తెల్లటి పొరను తేలికగా తీసుకోవద్దని చెబుతాను. అది బోరు నీటిలోని సున్నం. మూత దగ్గర అంత కనబడుతోందంటే రేడియేటర్ లోపలి నీటి గొట్టాలలో కూడా ఉంటుంది. ఇంజన్ బాగా వేడెక్కాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖాన్ని అడ్డంగా, నిలువుగా చూడండి. చుట్టుపక్కల కంటే బాగా చల్లగా ఉన్న పట్టీలు కనిపిస్తే అక్కడి గొట్టాలలో నీరు పారడం లేదని అర్థం. అప్పుడు పైట్యాంకు టంకం కరిగించి తీసి, ఒక్కో గొట్టంలోకి సన్నటి చువ్వ దించి శుభ్రం చేయించాలి. ఫిన్లు (గొట్టాల మధ్య ఉండే పలుచని లోహపు రేకులు) చేత్తో రుద్దితే పొడిగా రాలుతున్నా, గొట్టాల నుంచి విడిపోయినా శుభ్రం చేయించి లాభం లేదు. ట్యాంకులు అవే ఉంచి కొత్త కోర్ (గొట్టాలు, ఫిన్లు ఉండే మధ్య భాగం) వేయించండి.

రాగిదా, అల్యూమినియందా అన్నదానికి వస్తే, లోహంగా రాగి వేడిని బాగా మోస్తుంది గానీ, పాత రేడియేటర్లలో ఫిన్లు మాత్రమే రాగివి; గొట్టాలు ఇత్తడివి, అతుకులు సీసం, తగరం కలిసిన టంకంవి. అల్యూమినియంలో గొట్టాలు వెడల్పుగా చేయవచ్చు, బరువు తక్కువ. కాబట్టి చల్లబరచడంలో మంచి అల్యూమినియం రేడియేటర్ ఏమీ తీసిపోదు. అయినా గుట్టలెక్కే బండికి నేను రాగినే కోరుకుంటాను. రాయి తగిలి గొట్టం చిల్లుపడితే మదనపల్లెలోనో చింతామణిలోనో టంకం పెట్టేవారు దొరుకుతారు. అల్యూమినియానికి తగిన వెల్డింగ్ అన్నిచోట్లా దొరకదు. కోర్ వేయించేటప్పుడు ఫిన్లు మరీ దగ్గరగా వద్దని చెప్పండి. బురద, గడ్డి గింజలు ఇరుక్కుంటే అంత దట్టమైన ఫిన్ల వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. రాత్రిపూట రేడియేటర్ వెనుక టార్చి పెట్టి ముందు నుంచి చూస్తే ఎక్కడ మూసుకుపోయిందో తేటగా తెలుస్తుంది.

ప్రశ్నకర్త: చింతామణి దారి

ఇద్దరికీ ధన్యవాదాలు. ష్రౌడ్, కోర్ సంగతి స్పష్టమైంది. వాగులు దాటేటప్పుడు బెల్టు ఫ్యాన్ ప్రమాదం కాదా? అందుకోసమైనా ఎలక్ట్రిక్ ఫ్యాన్ మేలేమో చెప్పగలరు.

జవాబు: వైరింగ్ మనిషి

ప్రమాదం ఉన్నమాట నిజమే. నీటిలో మునిగి వేగంగా తిరిగే ఫ్యాన్ రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోస్తాయి. నీరు ఫ్యాన్ ఎత్తు దాకా ఉండే వాగైతే ముందు గ్రిల్లుకు టార్పాలిన్ కట్టి, ఆగకుండా నెమ్మదిగా దాటాలి. అంతకన్నా లోతైతే బెల్టు వదులు చేయవచ్చు. అయితే నీటి పంపు కూడా ఆ బెల్టు మీదే ఆధారపడింది కనుక గట్టు ఎక్కగానే తిరిగి బిగించాలి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఉన్న అసలు మేలు రెండు: స్విచ్చితో ఆపవచ్చు, ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా పూర్తి గాలి ఇస్తుంది. కానీ 20 ఆంపియర్లు తీసుకునే ఫ్యాన్‌కు హెడ్‌లైట్ల 10 ఆంపియర్లు కలిపితే 30 అవుతుంది. పాత ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) లో రేంజిలో, తక్కువ చుట్ల దగ్గర అంత ఇవ్వలేదు. బ్యాటరీ దిగిపోతుంది, ఫ్యాన్ వేగం తగ్గుతుంది, సరిగ్గా అవసరమైన చోటే చేతులెత్తేస్తుంది. కనుక ఆల్టర్నేటర్ పెద్దది వేయకుండా రెండు ఫ్యాన్లు కొనవద్దని గట్టిగా చెబుతాను. పెట్టదలిస్తే రేడియేటర్ వెనుక నుంచి లాగే రకాన్నే తీసుకోండి, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చి), విడి ఫ్యూజు తప్పనిసరి. ఫ్యాన్‌ను ప్లాస్టిక్ పుల్లలతో నేరుగా ఫిన్లకు గుచ్చి బిగిస్తారు. అలా ఒప్పుకోవద్దు, గతుకులకు అవి గొట్టాలను ఒరుసుకొని చిల్లులు పెడతాయి.

ఏసీ కూడా లేని మీ బండికి ష్రౌడ్‌తో పాటు రెక్కలు దెబ్బతిని వంగిపోని మంచి బెల్టు ఫ్యాన్ చాలునని నా అభిప్రాయం. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కే దాకా నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వని కవాటం) తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. డీజిల్ ఇంజన్ చల్లగా తిరిగితే త్వరగా అరుగుతుంది. రేడియేటర్ మూత స్ప్రింగు, రబ్బరు వాషరు చూసుకోండి. బెంగళూరు ఎత్తులో మూత లేకుండా నీరు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది; 0.9 బార్ ఒత్తిడి నిలిపే మూత ఉంటే దాదాపు 117 దాకా మరగదు. అయితే మీ రేడియేటర్‌కు నిర్ణయించిన ఒత్తిడిని మించిన మూత పెడితే పాత టంకం అతుకులు విడిపోతాయి. కోర్ మార్చిన తరువాత బోరు నీరు వద్దు, డిస్టిల్డ్ వాటర్‌లో సమపాళ్లలో కూలెంట్ కలిపి పోయండి. కింది హోస్ పైపు లోపల స్ప్రింగు ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. అది లేకపోతే పంపు లాగే బలానికి మెత్తబడిన పైపు నొక్కుకుపోతుంది.