వాంపైర్ సిరీస్‌లు సైన్స్ ఫిక్షన్ జాబితాలో ఉండాలా, వద్దా?

మహేంద్రగిరి మాస్టారు (పర్లాకిమిడి, ఒడిశా)
హాల్లో మనం వేసే ఆదివారం షోలకు టీవీ సిరీస్‌ల కొత్త జాబితా సిద్ధం చేశాను. పాత స్టార్ ట్రెక్, ఎక్స్ ఫైల్స్, ఫైర్‌ఫ్లై, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా, జర్మన్ వాళ్ళ డార్క్ ఉంటాయి. రక్తం తాగే వాంపైర్ల సిరీస్‌లు ట్రూ బ్లడ్, ద స్ట్రెయిన్, బఫీ తీసేశాను. మనది సైన్స్ ఫిక్షన్ బృందం, అవి దయ్యాల కథలు. అభ్యంతరం ఉన్నవాళ్ళు కారణంతో సహా రాయండి.

రక్తబంధం (గుణుపురం)
నాకుంది మాస్టారూ. ట్రూ బ్లడ్ మొదలయ్యేదే ఒక ఆవిష్కరణతో. జపాన్ శాస్త్రవేత్తలు కృత్రిమ రక్తం తయారుచేస్తారు, అది సీసాల్లో అమ్ముడవుతుంది. ఇక మనుషుల్ని కొరకాల్సిన పని లేదంటూ వాంపైర్లు బయటికొచ్చి సమాన హక్కులు అడుగుతారు. ఒక్క వస్తువు వచ్చాక ఊరు, చట్టం, ప్రేమలు, పగలు ఎలా మారతాయో చెప్తే అది సైన్స్ ఫిక్షన్ కాదా?

నేను బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మామూలు సంచీలో రక్తం ఫ్రిజ్‌లో ఉంచినా 35 రోజులే ఉంటుంది, తర్వాత పారేయాల్సిందే. మా చిన్నాన్నకు ఆపరేషన్ రోజున సరిపడే గ్రూపు దొరక్క థియేటర్ దాకా తీసుకెళ్ళి వెనక్కి పంపారు. 2022లో బ్రిటన్‌లో ల్యాబ్‌లో పెంచిన ఎర్ర కణాలను మనుషులకు ఎక్కించి చూశారన్న వార్త చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సీరియల్ సీసానే. మీకు దయ్యం కనబడింది, నాకు నా డ్యూటీ కనబడింది.

బరంపురం బుల్లోడు
ఫైర్‌ఫ్లై పెట్టారు, చాలు. మిగతాది మీరూ మీరూ తేల్చుకోండి.

మహేంద్రగిరి మాస్టారు
చిన్నాన్నగారి విషయం బాధాకరం, కానీ అది వాదన కాదమ్మా. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. అదే ట్రూ బ్లడ్‌లో వాంపైర్ ఇంట్లోకి రావాలంటే ఇంటివాళ్ళు పిలవాలి. పిలిచాక మనసు మార్చుకుని 'పో' అంటే ఏదో శక్తి వెనక్కి నెట్టేస్తుంది. గుమ్మం దగ్గర పిలుపును గుర్తుపట్టే అణువు ఏది? అద్దె ఇల్లైతే ఎవరు పిలవాలి, ఓనరా, అద్దెకున్నవాళ్ళా? దీనికి జవాబు చెప్పి ముందుకు వెళ్ళండి.

రాయగడ రవ్వలడ్డు
అద్దె ఇంటి ప్రశ్న బాగుంది. మా ఓనరైతే అడ్వాన్స్ తీసుకుని పిలుస్తాడు.

రక్తబంధం
మీ స్టార్ ట్రెక్‌లో స్పాక్ ఎదుటివాడి ముఖం మీద వేళ్ళు పెట్టి మనసు చదివేస్తాడు. అది ఏ అణువు? అసలు స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబర్ 8న అమెరికా టీవీలో మొదటిసారి వచ్చినప్పుడు వేసిన కథేమిటి? మనిషి ఒంట్లోంచి ఉప్పు పీల్చి చంపే జీవి. ఎదుటివాడికి ఇష్టమైన మనిషి రూపంలో కనబడుతుంది కూడా. రక్తం పీలిస్తే దయ్యం, ఉప్పు పీలిస్తే సైన్సా?

మహేంద్రగిరి మాస్టారు
అది వేరే గ్రహం మీద పుట్టిన ప్రాణి, దాని జాతిలో చివరిది. బతకడానికి దానికి ఉప్పు కావాలి. కారణం చెప్పారు. గుమ్మానికి కారణం చెప్పలేదు. మీరూ చెప్పలేదు.

రక్తబంధం
సరే, గుమ్మం మీకు వదిలేశాను. మరి స్ట్రెయిన్ ఎందుకు తీసేశారు? అందులో వాంపైర్ అయ్యేది పురుగుల వల్ల. చర్మం కింద పాకే పరాన్నజీవులు ఒంటిని మార్చేస్తాయి. విమానంలో జనం చచ్చిపడి ఉంటే ముందు వచ్చేది పూజారి కాదు, అంటురోగాల డాక్టర్. వెండి, అల్ట్రావయొలెట్ దీపాలు వాంపైర్ల మీద పనిచేయడానికీ ఆ పురుగులే కారణం.

మహేంద్రగిరి మాస్టారు
ఆ సిరీస్ నేనూ చూశాను. పారే నీటిని సొంతంగా దాటలేవు అవి. శవపేటికను ఏటికి అటు పక్కకు చేర్చడానికి మనిషి కావాలి. మీ ఊరి వంశధారను దాటలేని పురుగు ఏ బయాలజీ పుస్తకంలో ఉంది?

రాయగడ రవ్వలడ్డు
వేసవిలో వంశధారలో పారే నీరెక్కడ ఉందండీ, హాయిగా నడిచి వచ్చేస్తాయి.

కాశీనగర్ చిన్నది
ఏటి మాస్టారూ, వాంపైర్ డైరీస్ పేరే ఎత్తలేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో అందరం ఒక్క ఫోన్ చుట్టూ చేరి, పవర్ బ్యాంక్ అయిపోయేదాకా అదే చూశాం. మా మామ్మ కూడా.

మహేంద్రగిరి మాస్టారు
మంత్రపు ఉంగరం పెట్టుకుని ఎండలో తిరిగే వాంపైర్ల గురించి నేను చర్చించను. ఇద్దరు అన్నదమ్ములు ఒకే అమ్మాయి కోసం కొట్టుకునే ప్రేమ సీరియళ్ళకు మహిళా సభ్యుల ఆదరణ ఉంటుందని తెలుసు. ఈ బృందం స్థాయి కాస్త వేరు.

రక్తబంధం
ఆగండి. స్థాయి అంటే?

బఫీ అంటే వాంపైర్లను వేటాడే అమ్మాయి కథ. దాని నాలుగో సీజన్ చూశారా? మిలిటరీ వాళ్ళు కాలేజీ కింద రహస్య ల్యాబ్ పెడతారు. ఒక వాంపైర్ తలలో చిప్ పెడితే వాడు మనిషి మీద చేయెత్తగానే నొప్పితో పడిపోతాడు. రాక్షసుల ముక్కలు, మనిషి ముక్కలు, యంత్రాలు కలిపి ఒకణ్ణి తయారుచేస్తారు. అందులో చిప్ ఉంది, ల్యాబ్ ఉంది. లేనిది మగ కథానాయకుడు. అందుకే అది మీ స్థాయికి రాలేదు.

హార్డ్ డిస్క్ మీది, హాల్ తాళం మీ దగ్గర, జాబితా మీది. షో రాత్రి ఏడింటికి. పదింటికి అయిపోతే నేను గుణుపురం ఎలా వెళ్ళాలి? ఎన్నిసార్లు అడిగినా 'చూద్దాం' అన్నారు. ఆ హాల్లోకి మీరు పిలవందే రాలేనిది వాంపైర్లు కాదు, మేము.

బరంపురం బుల్లోడు
అక్కా, శాంతం.

రక్తబంధం
తమ్ముడూ, నువ్వు ఫైర్‌ఫ్లై చూసుకో.

మహేంద్రగిరి మాస్టారు
ఇంతదాకా వచ్చింది కనుక చెప్తున్నాను. పోయినసారి ట్రూ బ్లడ్ మొదటి భాగం వేసింది నేనే. అమెరికా ఛానల్ హెచ్‌బీఓ వాళ్ళ సిరీస్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. హాల్లో పిల్లలున్నారు. ప్రొజెక్టర్ ముందు నేను అడ్డంగా నిలబడాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే హాల్ పెద్దలు మా ఇంటికొచ్చి తాళం ఇచ్చేయమన్నారు. బతిమాలి నిలబెట్టుకున్నాను. ఈ ఊళ్ళో పదిమంది తెలుగువాళ్ళం కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ ఒక్క హాలే ఉంది. అది పోతే మీ బఫీ లేదు, నా స్పాక్ లేడు.

రక్తబంధం
మరి గుమ్మం, అణువు, వంశధార అంటూ నన్ను ఇంతసేపు ఎందుకు తిప్పారు?

మహేంద్రగిరి మాస్టారు
ఆడపిల్లలున్న చోట ఈ మాట ఎలా రాయాలి?

రక్తబంధం
నాకు ముప్పై నాలుగేళ్ళు మాస్టారూ. పెద్దలకు మాత్రమే అని బోర్డు పెట్టి తలుపు దగ్గర ఒకర్ని కూర్చోబెడితే అయిపోయేది. పోనీ, ట్రూ బ్లడ్ వద్దు. బఫీలో ప్రొజెక్టర్‌కు అడ్డం నిలబడాల్సింది ఏముంది?

మహేంద్రగిరి మాస్టారు
అది 144 ఎపిసోడ్లు. వారానికొకటి వేస్తే దాదాపు మూడేళ్ళు పడుతుంది.

రక్తబంధం
ఎక్స్ ఫైల్స్ 218. అది జాబితాలో రెండోది.

రాయగడ రవ్వలడ్డు
😂

బరంపురం బుల్లోడు
ఫైర్‌ఫ్లై తీసింది 14 మాత్రమే. 2002లో ఫాక్స్ ఛానల్ వాళ్ళు వాటిలో 11 వేసి ఆపేశారు, మొదట రావాల్సిన భాగాన్ని చివర్లో వేశారు. మాస్టారూ, మీరైనా వరస తప్పకుండా వేయండి.

మహేంద్రగిరి మాస్టారు
జాబితా శుక్రవారం దాకా తెరిచి ఉంచుతాను. బఫీ నాలుగో సీజన్ ఒక్కటి వేయడం గురించి ఆలోచిస్తాను. ట్రూ బ్లడ్ మాత్రం రాదు. వేళ మార్చడం నా చేతిలో లేదు, పగలు హాల్లో ట్యూషన్లు నడుస్తాయి.

రక్తబంధం
ఆదివారం మధ్యాహ్నం ట్యూషన్లు ఉండవు, కనుక్కున్నాను. రెండో తాళం ఎవరి దగ్గరుందో చెప్పండి చాలు. స్ట్రెయిన్ మేమే వేసుకుంటాం.

కాశీనగర్ చిన్నది
నేనూ వస్తానక్కా, మా మామ్మనీ తీసుకొస్తా. వాంపైర్ డైరీస్ కూడా వేద్దామా?

రక్తబంధం
వద్దమ్మా. అది మంత్రాల కథ. మన జాబితాలోకి రాదు.