టోక్యో – లాస్ ఏంజెలెస్: వెళ్లేటప్పుడు 10 గంటలు, వచ్చేటప్పుడు 12 గంటలా?

ప్రశ్న:
జనవరిలో టోక్యో నరిటా నుంచి లాస్ ఏంజెలెస్‌కు వెళ్లాలి. దూరం ఎంతో చూద్దామంటే లెక్క కుదరడం లేదు. ఒకచోట 8,750 కిలోమీటర్లని ఉంది. రెండు ఊళ్లూ ఇంచుమించు 35 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి కదా అని దాని వెంబడి తిన్నగా లెక్కగడితే 9,200 వచ్చింది. టికెట్టు మీదేమో సాయంత్రం 5కు బయలుదేరి అదే రోజు ఉదయం 10కి చేరతారని ఉంది! పైగా తిరుగు ప్రయాణానికి రెండు గంటలు ఎక్కువ. ఇందులో ఏది నమ్మాలి?

జవాబు:
అచ్చు తప్పేమీ కాదండి. దారిలో అంతర్జాతీయ దినరేఖ దాటుతారు, తూర్పుకు దాటితే తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది, అంతే.

మరో జవాబు:
నిజమే కానీ, అడిగినవి మూడు. ముందు దూరం. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. అది అక్షాంశం వెంట పోదు. ఉత్తరానికి వంగి, నడిమధ్యలో దాదాపు 48 డిగ్రీల దాకా పోయి దిగుతుంది. మహావృత్త మార్గమంటే అదే. కాగితం పటం మీద వంకరగా కనిపించే ఆ దారే దగ్గరి దారి. కాబట్టి 8,750 సరైనది.

ఇక గడియారం. జనవరిలో టోక్యో 17 గంటలు ముందుంటుంది. లాస్ ఏంజెలెస్‌లో ఉదయం 10 అంటే టోక్యోలో మర్నాటి తెల్లవారుజాము 3. సాయంత్రం 5 నుంచి అప్పటికి 10 గంటలు. ఏ టికెట్టయినా ఇంతే: రెండు వేళలనూ ఒకే ఊరి గడియారంలోకి మార్చుకున్నాకే తీసివేత చేయాలి.

అసలు తమాషా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ ప్రవాహమనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. విమాన వేగం గంటకు 900 కిలోమీటర్లనుకుందాం. గాలి సగటున వంద తోడైతే 8,750 కిలోమీటర్లకు పావు తక్కువ తొమ్మిది గంటలు. అదే వంద ఎదురైతే దాదాపు పదకొండు. విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి, నేల మీద నడవడానికి ఇంకో అరగంటో గంటో కలపండి. మీ టికెట్టు లెక్క వచ్చేస్తుంది.

ఇంకొకరు:
గాలికి తోడు గగనతలం సంగతి కూడా ఉంది. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక టోక్యో–లండన్ దూరం మారలేదు, కానీ 12 గంటల ప్రయాణం చాలా విమానాలకు 14 అయింది. మీ దారి పసిఫిక్ మీదుగా కాబట్టి ఆ బెడద లేదు.

అడిగినవారు:
ఇప్పుడు తేలిందండి, ధన్యవాదాలు. లాస్ ఏంజెలెస్‌లో 11:40కి ఇంకో విమానం పట్టుకోవాలి. గాలి తోడుంటుందన్నారు కాబట్టి ముందే దిగుతామేమో, సరిపోతుందా?

రెండో జవాబు రాసినవారు:
ఆ గాలి లాభాన్ని టికెట్టులో ముందే కలిపేసి ఉంటారు, మళ్లీ లెక్కపెట్టుకోకండి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ పూర్తి చేసుకోవాలి, మామూలుగా సామాను కూడా తీసుకుని మళ్లీ అప్పగించాలి. గంటా నలభై నిమిషాలు బొత్తిగా చాలవు. కనీసం మూడు గంటల వ్యవధి ఉన్న విమానానికి మార్చుకోండి. రెండూ వేర్వేరు టికెట్లయితే ఇంకా ఎక్కువే ఉంచుకోండి. మొదటిది ఆలస్యమైతే రెండో సంస్థ బాధ్యత తీసుకోదు.