చిన్న క్రాసోవర్‌కు డీజిలా, పెట్రోలా?

ప్రశ్న:
చిన్న క్రాసోవర్ (ఎస్‌యూవీలా కాస్త ఎత్తుగా ఉండే కారు) కొనే ఆలోచనలో ఉన్నాను. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతాను కాబట్టి డీజిలే గిట్టుబాటు అని కొందరు, దాని జోలికే పోవద్దని మరికొందరు అంటున్నారు. దేన్నిబట్టి తేల్చుకోవాలి?

డీజిల్ పక్షం:
డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు; గాలిని బాగా అణిచినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. అంతగా అణచడం వల్ల ఇంధనంలోని శక్తి తక్కువ వృథా అవుతుంది. పైగా లీటరు డీజిల్‌లో శక్తి పెట్రోల్‌లో కంటే 10 శాతానికి పైగా ఎక్కువ. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు (ఆర్‌పీఎం) తిరగకముందే మంచి టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, అందుతుంది కనుక, నిండా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు మాటిమాటికీ గేరు దించాల్సిన అవసరం ఉండదు.

పెట్రోల్ పక్షం:
అవన్నీ ఇంజిన్ వేడెక్కాక వచ్చే లాభాలండీ. 15,000 కిలోమీటర్లంటే రోజుకు సగటున 41. అది ఒకే పరుగా, ఆరు ముక్కలా అన్నదే అసలు ప్రశ్న. నేటి డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసి కాలిపోవాలంటే అది దాదాపు 600 డిగ్రీల వరకు వేడెక్కాలి. నా పాత డీజిల్ బండిని నాలుగేసి కిలోమీటర్లే నడిపేవాణ్ణి. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్, ఆ కాల్చే పని మధ్యలో ఆగిన ప్రతిసారీ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగేది. ఒకసారి ఆయిల్ మట్టం చూపే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూస్తే, తగ్గాల్సిన ఆయిల్ పై గీతను దాటి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే పలచగా, డీజిల్ వాసనతో జారిపోయింది.

డీజిల్ పక్షం:
ఫిల్టర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే నేరుగా సిలిండర్‌లోకి ఇంధనం చిమ్మే పెట్రోల్ ఇంజిన్లకూ తిప్పలున్నాయి. సిలిండర్‌లోకి గాలిని వదిలే ఇన్‌టేక్ వాల్వులను పెట్రోల్ కడగదు కాబట్టి వాటిపై కార్బన్ పేరుకుంటుంది.

ప్రశ్న వేసినవారు:
లెక్క వేసుకున్నాను. నాది ఆరు ముక్కల పరుగే. దూర ప్రయాణాలు ఏడాదికి రెండో మూడో. పెట్రోల్ వైపే మొగ్గుతున్నాను.

డీజిల్ పక్షం:
మీ వాడకానికి అదే సరి. కాకపోతే టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ఎత్తున్న రోడ్డు మీద నడిపి చూడండి. టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలిని నెట్టే పరికరం) లేని చిన్న పెట్రోల్ ఇంజిన్ మీకు చాలుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.