అప్‌డేట్: చొప్ప పెట్టగానే చాఫ్ కట్టర్ మోటారు ఆగిపోవడానికి కారణం దొరికింది

ఒంగోలు దగ్గర మా పల్లెలో ఇంటి పశువుల కోసం కొన్న 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ చాఫ్ కట్టర్ (మేతను ముక్కలుగా కోసే యంత్రం), జొన్నచొప్ప పెట్టగానే గుర్రుమని ఆగిపోతున్నదని, 3 హెచ్‌పీకి మారాలా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవడానికి తోడ్పడే భాగం) మార్చాను, కత్తులు సానపట్టించాను గానీ ఆగడం తగ్గలేదు (సాన వల్ల ముక్క మాత్రం సన్నగా తెగుతున్నది). వోల్టేజీ చూడమన్నవారి మాటే నిజమైంది. యంత్రం నడుస్తుండగా ఎలక్ట్రీషియన్ కొలిచి చూస్తే, ఇంటి మెయిన్ దగ్గర 225 ఉన్న వోల్టేజీ, కొట్టం దాకా లాగిన సన్నని వైరు చివర 180కి పడిపోతున్నది. వైరు పైతొడుగు కూడా చేతికి వెచ్చగా తగిలింది. దాని స్థానంలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎర్తింగుతో సహా వేయించాక పచ్చి చొప్ప సైతం ఆగకుండా తెగుతున్నది. పెద్ద మోటారు తెచ్చి ఉంటే ఆ పాత వైరు మీద ఇంకా మొరాయించేది.

ఇరుక్కున్న చొప్పను రివర్సు గేరుతో వెనక్కి తీయమన్న సూచన బాగా పనికొచ్చింది. అప్పటికీ రాకపోతే ప్లగ్గు పీకి, చక్రం పూర్తిగా నిలిచాకే కర్రతో లాగుతున్నాము. కత్తులు బిగించి ఉండేది ఆ చక్రానికే, స్విచ్చి ఆపినా అది కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది.