బండల యార్డులో ఎర్ర తేళ్లు: హమాలీలను ఎలా కాపాడుకోవాలి?

తాండూరు సూపర్‌వైజర్:
మాది నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్. వానలు పడితే చాలు, బండల దొంతరల్లో తేళ్లు చేరతాయి. పోయిన వారం లోడింగప్పుడు ఒక హమాలీ అడుగు బండ ఎత్తడానికి వేళ్లు కిందికి దూర్చాడు, ఎర్ర తేలు కుట్టింది. తోటివాళ్లు తాడు బిగించి మంత్రం వేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లారు. నొప్పి తగ్గిందన్నాడు గానీ కాసేపటికే చొక్కా తడిసేలా చెమటలు, వాంతులు. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం, బతికాడు. ఓనరేమో "తేలు కుడితే మనమేం చేస్తాం?" అంటున్నారు. మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి?

పీహెచ్‌సీ స్టాఫ్ నర్స్:
తమ్ముడూ, నొప్పి తగ్గడం చూసి ఎప్పుడూ నమ్మొద్దు. ఎర్ర తేలు విషం గుండె మీద పనిచేస్తుంది. చెమటలు, వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఒక్క నిమిషం ఆగకూడదు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తాడు కట్టొద్దు, కోయొద్దు. చెయ్యి కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకురండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ మాత్రతో ఈ చికిత్సను మార్చేశారు. అది బీపీ మాత్ర, ఖరీదైనదేం కాదు. కానీ డాక్టర్ చూసే ఇవ్వాలి, మీరు కొని వేయకండి. మీ దగ్గరి ఆసుపత్రిలో ఉందో లేదో మాత్రం ఈరోజే కనుక్కోండి.

క్వారీ మేస్త్రి:
అన్నా, దొంతరను నేల మీద పేర్చకండి. కింద రెండు చెక్క దుంగలు వేయండి. అడుగు బండను ముందు గడ్డపారతో లేపి చూడాలి, ఆ తర్వాతే చెయ్యి. రాత్రి లోడింగ్ ఉంటే దొంగనోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చ్ కొనండి. ఆ వెలుగులో తేలు పచ్చగా మెరుస్తుంది, బండ సందులో ఉన్నా దొరికిపోతుంది. విప్పిన బూట్లు దులిపి తొడుక్కోమనండి.

లేబర్ కేసులు చూసేవాణ్ణి:
పనిలో ఉండగా పనిచోట కుట్టింది కదా, ఓనర్‌కు సంబంధం లేదంటే కుదరదు. ఆ హమాలీకి ఈఎస్ఐ ఉంటే ప్రమాద రిపోర్టు పంపించండి. కుట్టిన రోజు కాక కనీసం మూడు రోజులు పనికి రాలేకపోతే జీతంలో 90 శాతం వస్తుంది. ఆసుపత్రి చీటీలు జాగ్రత్త.

తాండూరు సూపర్‌వైజర్:
ఈఎస్ఐ ఉంది. చీటీలు వాళ్లింట్లో ఉన్నాయి, సాయంత్రం వెళ్లి తీసుకుంటా. దుంగలకు మాత్రం రేపే ఆర్డర్ పెడుతున్నా.