తైక్వాండోలో ఒలింపిక్స్ వరకూ వెళ్లేవాళ్లకి ఏ దేశం ఎలా డబ్బు పెడుతుంది? మన పిల్లల సంగతేటి?

రాజాం_నాన్న:

అందరికీ నమస్కారమండి. మాది రాజాం. మా పాప తొమ్మిదో తరగతి, చిన్నప్పట్నుంచీ తైక్వాండో నేర్చుకుంటోంది, దానికి ఫైటింగే ఇష్టం, పూమ్సే, అంటే ఎదుటి మనిషి లేకుండా ఒంటరిగా వరసగా చేసి చూపించే కదలికలు, దాని మీద అంత మనసు లేదు. స్కూల్ గేమ్స్‌లో జిల్లా దాటి స్టేట్ వరకూ వెళ్లింది, మెడల్స్ కూడా ఉన్నాయి. ఇప్పుడు వాళ్ల మాస్టారు ఏటంటున్నారంటే ఇక మీదట బయట రాష్ట్రాల ఓపెన్ టోర్నమెంట్లకి తిప్పాలి, తన్ను తగిలితే పాయింటు దానంతటదే నమోదయ్యే సెన్సార్ చెస్ట్ గార్డు మీద ప్రాక్టీస్ అలవాటవ్వాలి అని. ఇంట్లోవాళ్లేమో టెన్త్ అయిపోగానే ఆపేసి వైజాగ్‌లో ఇంటర్‌లో చేర్పించేద్దాం అంటున్నారు. నాది చిన్న షాపు, రెండూ చెయ్యాలంటే నా వల్ల అయ్యే పని కాదు.

థాయ్‌లాండ్ అమ్మాయి పారిస్ ఒలింపిక్స్‌లో గోల్డ్ కొడితే కోట్లు ఇచ్చారని చదివాను. కొరియాలో జీవితాంతం పెన్షన్ అంట. అసలు ఈ దేశాలన్నీ తైక్వాండో వాళ్లకి ఎలగ డబ్బు పెడతాయి, మెడల్ వచ్చాకే ఇస్తాయా ముందు నుంచే చూసుకుంటాయా? మన దగ్గర ఈ ఆటకి ఏముంది? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, బాగుంది బాగోలేదు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి.

సిక్కోలు_కోచ్:

నమస్తే సార్. నేను శ్రీకాకుళంలో పిల్లలకి నేర్పిస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ వచ్చేదే. ముందు ఒక మాట, ఒలింపిక్ కమిటీ ఎవరికీ క్యాష్ ప్రైజ్ ఇవ్వదు, మీరు వినే డబ్బంతా ఆయా దేశాలు ఇచ్చుకునేదే.

కొరియా సంగతి. అక్కడ ఒలింపిక్ గోల్డ్ కొడితే నెలకి 10 లక్షల వోన్లు, మన లెక్కలో 60 వేల చిల్లర, బతికున్నంత కాలం వస్తుంది. వద్దనుకుంటే ఒకేసారి 6 కోట్ల 72 లక్షల వోన్లు తీసుకోవచ్చు. దీని మీద ప్రభుత్వం విడిగా ఇచ్చే బహుమతి ఇంకోటి. ఈ డబ్బు చాలావరకు స్పోర్ట్స్ టోటో అనే బెట్టింగ్, సైకిల్ రేసుల బెట్టింగ్ నుంచి వచ్చే ఆదాయంతో నడిచే ఫండ్ నుంచి వస్తుంది. మగపిల్లలకైతే ఇంకో పెద్ద లాభం, ఒలింపిక్స్‌లో ఏ మెడల్ వచ్చినా సరే, ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ వచ్చినా సరే, ఏడాదిన్నర మిలిటరీ సర్వీసు తప్పుతుంది, కొన్ని వారాల ట్రైనింగ్ చేసి తర్వాత ఆటలోనే కొనసాగొచ్చు. ఆ వయసులో ఏడాదిన్నర ఆట మానేస్తే మళ్లీ అదే ఫామ్‌కి రావడం ఎంత కష్టమో ఆడినవాళ్లకి తెలుసు.

కానీ నేను మీకు చెప్పాలనుకున్నది ఈ పెన్షన్ గురించి కాదు. అక్కడ సిటీ కార్పొరేషన్లకీ జిల్లాలకీ కంపెనీలకీ సొంత తైక్వాండో టీములుంటాయి, వాటిలో ఆటగాళ్లు జీతం మీద ఉంటారు. పారిస్‌లో 57 కేజీల బరువు విభాగంలో గోల్డ్ కొట్టిన కిమ్ యు-జిన్ ఉల్సాన్ సిటీ తరఫున ఆడే అమ్మాయే. అంటే మెడల్ రాకముందే నెల తిరిగేసరికి జీతం. టోక్యోలో కొరియాకి తైక్వాండోలో ఒక్క గోల్డ్ కూడా రాలేదు, వాళ్లు పుట్టించిన ఆటలో! అయినా టీములు మూసెయ్యలేదు జీతాలు ఆపలేదు, పారిస్‌లో రెండు గోల్డ్‌లు వచ్చాయి.

థాయ్‌లాండ్‌లో గోల్డ్‌కి కోటీ 20 లక్షల భాట్‌లు, అంటే మన 3 కోట్లకి దగ్గర దగ్గర. పానిపాక్ వోంగ్‌పట్టనాకిట్ టోక్యోలోనూ పారిస్‌లోనూ 49 కేజీల్లో గోల్డ్ కొట్టింది, అంతకుముందు రియోలో బ్రాంజ్. అందరూ ఆ కోట్ల గురించే మాట్లాడతారు గానీ నేను మా పిల్లల తల్లిదండ్రులకి చెప్పేది వాళ్ల కోచ్ గురించి. చోయ్ యంగ్-సోక్ అని కొరియా ఆయన, 2002లో వచ్చాడు, ఇక వెళ్లలేదు, 2022లో థాయ్ పౌరసత్వం కూడా తీసుకున్నాడు. 2004 ఏథెన్స్ నుంచి పారిస్ దాకా ప్రతి ఒలింపిక్స్‌లోనూ థాయ్‌లాండ్‌కి తైక్వాండోలో మెడల్ ఉంది. ఒకే కోచ్‌ని ఇరవై ఏళ్లు నిలబెట్టుకుని జీతం ఇవ్వడం కూడా ఫండింగే కదా. మన దగ్గర కాంట్రాక్టు కోచ్ ఎన్నాళ్లుంటాడో ఆయనకే తెలీదు.

మాంచెస్టర్‌లో_మనోడు:

మాది చీపురుపల్లి, ఉద్యోగం మాంచెస్టర్‌లో. బ్రిటన్ తైక్వాండో టీమ్ సెంటర్ ఉన్నది ఈ ఊళ్లోనే. కోచ్ గారు చెప్పినదానికి పూర్తి వ్యతిరేకంగా కనిపించే పద్ధతి ఇక్కడిది, ఒలింపిక్ గోల్డ్ కొడితే ప్రభుత్వం ఇచ్చే బహుమతి సున్నా. ఏమీ ఇవ్వరు. ఇచ్చేదంతా ముందే ఇస్తారు. నేషనల్ లాటరీ డబ్బు యూకే స్పోర్ట్ అనే సంస్థ ద్వారా వస్తుంది, టీమ్‌లో ఉన్న ఆటగాడికి ఖర్చులకని ఏడాదికి పైస్థాయిలో 28 వేల పౌండ్ల దాకా ఇస్తారు, దాని మీద పన్ను లేదు, ఇది కాక ఫిజియో, కోచింగ్, టోర్నమెంట్ల ప్రయాణం అంతా వాళ్లదే. 1996 అట్లాంటాలో బ్రిటన్‌కి అన్ని ఆటల్లో కలిపి ఒక్కటే గోల్డ్ వచ్చింది, ఆ అవమానం తర్వాతే 1997 నుంచి ఈ లాటరీ డబ్బు పద్ధతి మొదలైంది. జేడ్ జోన్స్ 2012లో, 2016లో గోల్డ్ కొట్టింది ఈ సెంటర్ నుంచే. ఆమెది వేల్స్‌లో ఫ్లింట్ అనే చిన్న ఊరు, చిన్నప్పుడు టోర్నమెంటుకి పంపడానికి ఊరివాళ్లు చందాలు వేసుకున్నారు, ఆ ముక్క చదివినప్పుడు నాకు మన ఊళ్లే గుర్తొచ్చాయి.

ఇందులో కఠినం కూడా ఉంది. ఫలితం చూపించకపోతే కోత పెట్టేస్తారు, రియోలో బ్రాంజ్ తెచ్చినా బ్యాడ్మింటన్‌కి తర్వాతి నాలుగేళ్లకి మొత్తం ఆపేశారు. ఆటగాడికీ టీమ్‌కీ పడకపోయినా కష్టమే. ఆరన్ కుక్ అని మంచి ఫైటర్, బ్రిటన్ టీమ్ నుంచి బయటికొచ్చి సొంతంగా ట్రైనింగ్ చేసుకున్నాడు, 2012లో లండన్ ఒలింపిక్స్‌కి సెలెక్ట్ చెయ్యలేదు, చివరికి 2015లో మాల్డోవా దేశం తరఫున ఆడటానికి వెళ్లిపోయాడు.

అమెరికాలో ఇంకోలా, ప్రభుత్వం నేరుగా డబ్బు పెట్టదు, వాళ్ల ఒలింపిక్ కమిటీయే స్పాన్సర్ల డబ్బుతో నడుస్తుంది, గోల్డ్‌కి 37,500 డాలర్లు ఇస్తుంది. అంత డబ్బున్న దేశంలో అంతే. ఇటలీలో గోల్డ్‌కి 1,80,000 యూరోలు, పైగా వాళ్ల ఆటగాళ్లలో చాలామంది పోలీసు, మిలిటరీ స్పోర్ట్స్ టీముల్లో ఉద్యోగులు. టోక్యోలో 58 కేజీల గోల్డ్ కొట్టిన వీటో డెల్ అక్విలా కారబినియేరి అనే పోలీసు దళం మనిషి.

కొండవెలగాడ_కుర్రోడు:

ఇటలీ పద్ధతి అంటన్నారు గానీ అది మా ఊళ్లో ఎప్పట్నుంచో ఉన్నదే బాబూ. మాది నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ, వెయిట్ లిఫ్టింగ్ ఊరు. ఇక్కడ పిల్లలు బార్ ఎత్తడం మొదలెట్టింది ఒలింపిక్స్ చూసి కాదు, ఎత్తినోళ్లకి రైల్వేలోనో ఆర్మీలోనో పోలీసులోనో ఉద్యోగం వచ్చింది అని పక్కింట్లో కళ్లతో చూసి. ఆ ఉద్యోగమే మాకు ఫండింగ్. మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో మెడల్ తెచ్చినప్పుడు ఊరంతా ఎలగుందో నాను చెప్పలేను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో బ్రాంజ్ తెచ్చింది, మన దేశంలో ఆడమనిషికి వచ్చిన మొట్టమొదటి ఒలింపిక్ మెడల్. నీలంశెట్టి అప్పన్న గారు చిన్నప్పుడు ఆవిడికి నేర్పినప్పుడు ఏ స్కీమూ లేదు ఏ పెన్షనూ లేదు. ఆ సిడ్నీలోనే తైక్వాండో మొదటిసారి మెడల్ ఆటగా పెట్టారు కూడా.

కోట్లు ఇస్తాం అనే మాట వల్ల మా ఊళ్లో ఒక్క పిల్లోడు కూడా పొద్దున్నే లెగడు. ఫలానా అన్న టీటీఈ అయ్యాడు అంటే లెగుస్తాడు. అంతే తేడా.

పాలకొండ_టీచర్:

తమ్ముడూ నీ మాట చాలావరకు నిజమే గానీ పెద్ద బహుమతి ఉత్తిదే అంటే నేను ఒప్పుకోను, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. నేను స్కూల్లో చూస్తున్నాను, టెన్త్ అయ్యాక ఆపేసేది పిల్ల కాదు, ఇంట్లో పెద్దవాళ్లు. మన రాష్ట్రం 2024 నవంబర్‌లో తెచ్చిన క్రీడా విధానంలో ఒలింపిక్ గోల్డ్‌కి 7 కోట్లు, సిల్వర్‌కి 5, బ్రాంజ్‌కి 3 కోట్లు అని పెట్టారు, అంతకుముందు గోల్డ్‌కి 75 లక్షలే. క్వాలిఫై అయి ఆడి వస్తే చాలు 50 లక్షలు. ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతానికి పెంచారు. ఈ మాట పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పినప్పుడు తండ్రుల మొహాల్లో మార్పు నేను చూశాను, అప్పటిదాకా కాళ్లు విసిరే ఆట అన్నవాళ్లు మేడమ్ ఇంకోసారి చెప్పండి అన్నారు. అఫ్ఘానిస్థాన్‌కి మొట్టమొదటి ఒలింపిక్ మెడల్ తెచ్చింది కూడా తైక్వాండోనే, 2008లో రోహుల్లా నిక్‌పాయ్, శరణార్థుల క్యాంపులో ఈ ఆట నేర్చుకున్న కుర్రాడు, వాళ్ల అధ్యక్షుడు అతనికి ఇల్లు ఇచ్చాడు. ఆ ఇల్లు చూసి ఆ దేశంలో ఎంతమంది తల్లులు పిల్లల్ని పంపి ఉంటారు!

రాజాం_నాన్న:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. టీచరమ్మ గారు చెప్పిన 7 కోట్లు వినడానికి బాగుంది గానీ నాకు అర్థమవుతున్నదేటంటే అక్కడికి చేరేదాకా మధ్యలో ఉన్న ఏడెనిమిదేళ్లు ఎవరు చూస్తారు అన్నదే. కోచ్ గారూ, ఆ మధ్య కాలానికి మన దగ్గర ఏముంది? పాప 45, 46 కేజీలు ఉంటుంది.

సిక్కోలు_కోచ్:

మీరు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు సార్, దాచకుండా చెప్తాను. కేంద్రం నుంచి టాప్స్ (టార్గెట్ ఒలింపిక్ పోడియం స్కీమ్) అని 2014లో మొదలైన స్కీమ్ ఉంది, కోర్ గ్రూపులో ఉంటే చేతి ఖర్చులకి నెలకి 50 వేలు, డెవలప్‌మెంట్ గ్రూపుకి 25 వేలు, బయట టోర్నమెంట్లు ట్రైనింగ్ ఖర్చు వేరే. ఇది బ్రిటన్ పద్ధతికి దగ్గర, మంచి స్కీమే. కానీ ప్రపంచ స్థాయిలో మెడల్ ఆశ చూపించిన వాళ్లకి దొరికేది. సిడ్నీ నుంచి పారిస్ దాకా మెయిన్ ఒలింపిక్స్ తైక్వాండోకి మన దేశం నుంచి ఒక్కరూ క్వాలిఫై అవ్వలేదు, దివ్యాంగుల పారాలింపిక్స్‌లో మాత్రం అరుణా తన్వర్ టోక్యోకీ పారిస్‌కీ వెళ్లింది. క్వాలిఫై అవ్వాలంటే వరల్డ్ ర్యాంకింగ్‌లో పైన ఉండాలి లేదా ఆసియా క్వాలిఫయింగ్‌లో నెగ్గాలి, ర్యాంకింగ్ పాయింట్లకి దేశాలు తిరిగి ఓపెన్లు ఆడాలి, ప్రతిదానికీ వీసా టికెట్టు ఎంట్రీ ఫీజు. ర్యాంకు లేక డబ్బు రాదు, డబ్బు లేక ర్యాంకు రాదు. మన పిల్లలు ఆగిపోయేది తన్నడం రాక కాదు, ఇక్కడ.

బరువు సంగతి కూడా ఇప్పుడే తెలుసుకోండి. వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఆడవాళ్లకి ఎనిమిది కేటగిరీలు, ఒలింపిక్స్‌లో నాలుగే: 49, 57, 67, ఆ పైన. పాపకి ఇంకా ఎదుగుదల ఉంది కాబట్టి దయచేసి ఎవరు చెప్పినా అన్నం మాన్పించి బరువు తగ్గించొద్దు.

ఇప్పటికి చెయ్యగలిగినవి చెప్తాను. కుక్కివాన్, అంటే కొరియాలో ఉన్న తైక్వాండో ప్రధాన కేంద్రం, అది ఇచ్చే బెల్ట్ సర్టిఫికెట్ ఉందో లేదో మాస్టార్ని అడగండి, అది లేకపోతే అంతర్జాతీయ టోర్నమెంట్లో దింపరు. సర్టిఫికెట్లు గుర్తింపు ఉన్న సంఘం ఇచ్చినవేనా చూసుకోండి, ఈ ఆటలో సంఘాల గొడవలు చాలా ఉన్నాయి, ఊరూ పేరూ లేని నేషనల్స్‌కి వేలకి వేలు కట్టి తెచ్చిన మెడల్ రేపు స్పోర్ట్స్ కోటాలో పనికి రాదు, నా దగ్గర చేరిన పిల్లల్లోనే అలా మోసపోయినవాళ్లున్నారు. మీకున్న డబ్బుతో అన్ని ఓపెన్లూ తిప్పకండి, స్కూల్ గేమ్స్ నేషనల్స్, జూనియర్ నేషనల్స్ ఈ రెండూ గురి పెట్టుకోండి. చెస్ట్ గార్డు మీరు కొనక్కర్లేదు, క్లబ్బులో నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక సెట్ కొనుక్కుంటే పిల్లలందరూ వాడుకోవచ్చు, దానితో పాటు కాళ్లకి వేసుకునే సెన్సార్ సాక్స్ మాత్రం ఎవరివి వాళ్లకుండాలి. ఇంటర్ ఎక్కడ చదివినా పర్లేదు, వైజాగ్ అయితే ఇంకా నయం, పార్టనర్లు దొరుకుతారు, కాకపోతే పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లుండే హాస్టల్లో వేస్తే ఆట ఆరోజే అయిపోయినట్టు.

కొండవెలగాడ_కుర్రోడు:

పాపని ఓసారి మా ఊరు తీసుకురండి అన్నా, ఆటలోంచి ఉద్యోగంలోకి వెళ్లిన అక్కలతో మాట్లాడిద్దాం. ఏ టోర్నమెంటు సర్టిఫికెట్టు ఏ నోటిఫికేషన్‌లో చెల్లిందో వాళ్లకి బాగా తెలుసు. ఇంట్లో ఆడోళ్లని కూడా తీసుకురండి.

రాజాం_నాన్న:

తప్పకుండా వస్తాం తమ్ముడూ, మా అమ్మని కూడా తీసుకొస్తాను. కోచ్ గారూ, కుక్కివాన్ సంగతి ఇందాకే మాస్టారికి ఫోన్ చేసి అడిగాను, ఉందంట. చెస్ట్ గార్డు సెట్ గురించి ఆదివారం క్లబ్బులో మిగతా తల్లిదండ్రులతో మాట్లాడతాను.